180 పిక్సెళ్ల తాతయ్య: చెక్క మీద ఫోటో చెక్కుతూ రాసుకున్న డైరీ

ముఖం ఆరో చెక్క మీద కుదిరింది. ముందరి ఐదూ ఎందుకు పాడయ్యాయో వరసగా రాసి పెడుతున్నాను. ఒకే ఒక్క చిన్న ఫోటో పట్టుకుని లేజర్ ముందు కూర్చున్నవాళ్లు ఎవరైనా ఉంటే ఇందులో పనికొచ్చేది తీసుకోండి. అంకెలు మాత్రం నా మెషీన్‌వి. మీ మెషీన్ మీద మళ్లీ కొలుచుకోకుండా వాడితే ఏడో చెక్క మీ ఖాతాలో పడుతుంది.

దశ 0: చేతిలో ఉన్నది

మెషీన్ 5 వాట్ల నీలి డయోడ్ లేజర్. చెక్క 3 మి.మీ. బాస్‌వుడ్ ప్లైవుడ్. సాఫ్ట్‌వేర్లు రెండు: బొమ్మ పనికి గింప్, లేజర్ పనికి లైట్‌బర్న్. కొలతలకి ఒక స్టీలు స్కేలు, ఫోన్‌కి తగిలించే మాక్రో లెన్సు.

ఫోటో తాతయ్యది. పదకొండు మంది నిలబడ్డ గ్రూపు ఫోటోలో వెనక వరసలో ఉన్నాడు. ప్రింటుని ఎవరో ఫోన్‌తో ఫోటో తీశారు, అది చేతులు మారి మారి నాదాకా వచ్చింది. ఫైలు 1280×960. తాతయ్య ముఖం, భుజాలు కత్తిరిస్తే మిగిలింది 180×216 పిక్సెళ్లు.

అసలు ప్రింటు చెమ్మకి ఫ్రేము అద్దానికి అతుక్కుపోయి, ఊడదీయబోతే పొరలు పొరలుగా లేచిపోయింది. పంపినవాళ్లని "డాక్యుమెంటుగా మళ్లీ పంపండి" అని అడిగాను. వచ్చింది, కానీ అవే పిక్సెళ్లు. వాళ్లకీ అది ఫార్వర్డ్‌గానే చేరింది మరి. అయినా ఈ అడగడం మానకండి. ఎవరి దగ్గరైనా ప్రింటు బతికి ఉంటే, అందులో ముఖం 20 మి.మీ. వెడల్పే ఉన్నా, 600 డీపీఐ (అంగుళానికి 600 చుక్కలు) స్కాన్‌లో 470 పిక్సెళ్లు పైనే వస్తాయి. కింద నేను పడ్డ పాట్లు సగం తప్పుతాయి.

దశ 1: ఉన్నది ఉన్నట్టు చెక్కేశాను

సైజు 100×120 మి.మీ. అనుకున్నాను. గీతకీ గీతకీ మధ్య ఎడం 0.1 మి.మీ., అంటే 254 డీపీఐ. ఆ లెక్కన 1000×1200 పిక్సెళ్లు కావాలి, నా దగ్గర ఉన్నవి 180×216. సాఫ్ట్‌వేరే సాగదీసుకుంటుందిలే అని వదిలేశాను.

వేగం నిమిషానికి 3000 మి.మీ. మొత్తం 1200 గీతలు. లేజర్ తల రెండు పక్కలా చెరో 5 మి.మీ. బయటికి పోయి తిరిగొస్తుంది కాబట్టి ఒక్కో గీత 110 మి.మీ. కాగితం మీద 44 నిమిషాలు, గడియారంలో 53. ప్రతి గీత చివరా ఆగి వెనక్కి తిరగడానికి అర సెకను దాకా పోతోంది. టైము అంచనా వేసేటప్పుడు ఇది కలుపుకోండి.

అయ్యాక చూస్తే ముఖం మసక. మసకని ఊహించాను. ఊహించనిది బుగ్గ మీద గళ్లు. గచ్చు మీద పలకలు పరిచినట్టు చదరాలు. ఒకదాని మీద స్కేలు పెడితే 4.4 మి.మీ. ఉంది. అప్పుడు వెలిగింది: జేపెగ్ బొమ్మని 8×8 పిక్సెళ్ల ముక్కలుగా కోసి, ఒక్కో ముక్కనీ విడిగా కుదిస్తుంది. 100 మి.మీ.లో 180 పిక్సెళ్లంటే మిల్లీమీటరుకి 1.8. ఎనిమిదిని 1.8తో భాగిస్తే 4.4. నేను బుగ్గతో పాటు జేపెగ్ ముక్కల్ని కూడా శ్రద్ధగా చెక్కాను.

స్క్రీన్ మీద ఇవి ఎందుకు కనిపించలేదంటే, అక్కడ 256 ఛాయల్లో రెండు మూడు ఛాయల తేడా కంటికి ఆనదు. చెక్క మీద ఆ చిన్న తేడా ఒక చోట చుక్క పడటం, పక్కన పడకపోవడంగా మారుతుంది.

ఇప్పటిదాకా: చెక్కలు 1, మెషీన్ 53 నిమిషాలు, కంప్యూటర్ గంటన్నర.

దశ 2: ఏఐ అప్‌స్కేలర్

అందరూ చెప్పే దారి ఇదే కాబట్టి నేనూ పట్టాను. 4 రెట్లు పెంచే ఉచిత మోడల్ ఒకటి. 180×216 లోపలికి వెళ్లి 720×864గా బయటికొచ్చింది. స్క్రీన్ మీద చూస్తే నోరు తెరిచాను. కనురెప్పల వెంట్రుకలు కూడా లెక్కపెట్టొచ్చు. అవే సెట్టింగులతో రెండో చెక్క, మళ్లీ 53 నిమిషాలు. గళ్లు లేవు, మసక లేదు.

అమ్మమ్మ చేతికిచ్చాను. కళ్లజోడు పెట్టుకుని, వెలుతురులోకి తిప్పి చూసింది.

"ఎవర్రా ఈయన?"

"తాతయ్యే, అమ్మమ్మా."

"మీ తాతకి ఎడం కనుబొమ్మ మీద గాటు ఉండేది కదరా. ఏదీ?"

వెనక్కి వచ్చి 180 పిక్సెళ్ల ఫైలుని 800 శాతం పెద్దది చేసి చూశాను. ఎడం కనుబొమ్మ మధ్యలో మూడు పిక్సెళ్ల వెడల్పు, ఐదు పిక్సెళ్ల ఎత్తున తెల్లటి సందు ఉంది. అప్‌స్కేలర్ ఫైల్లో ఆ చోట నిండుగా, దువ్వినట్టున్న కనుబొమ్మ.

అది దాని తప్పు అని కూడా అనలేను. ఇలాంటి మోడళ్లకి మంచి ఫోటోల్ని కావాలని పాడుచేసి, "అసలుది ఎలా ఉండి ఉంటుందో గీయి" అని నేర్పుతారు. అది చూసిన కనుబొమ్మలన్నిటిలో గాటున్నవి ఎన్ని ఉంటాయి? మూడు పిక్సెళ్ల సందు కనిపిస్తే చెత్త అనుకుని పూడ్చేసింది. కళ్ల కింద ముడతలూ అలాగే పోయాయి. పై పెదవి కొంచెం పల్చబడింది. ఒక్కోటీ చిన్నదే. అన్నీ కలిసి తాతయ్య పోలికలున్న ఇంకెవరో తయారయ్యారు.

గుర్తుపట్టాల్సిన మనిషి ముఖం అయితే అప్‌స్కేలర్ ఫైలునీ పాత ఫైలునీ పక్కపక్కన పెట్టి కళ్లు, కనుబొమ్మలు, పెదవులు, పుట్టుమచ్చలు ఒక్కోటీ సరిచూసుకోండి. నేను చూడలేదు.

ఇప్పటిదాకా: చెక్కలు 2, మెషీన్ 106 నిమిషాలు, కంప్యూటర్ 4 గంటలు.

దశ 3: బొమ్మని వదిలి మెషీన్‌ని కొలిచాను

ఇది మొదటి రోజు చేయాల్సిన పని. నా మెషీన్ ఎంత సన్నటి చుక్క వేస్తుందో తెలియకుండా పిక్సెళ్ల కోసం కొట్టుకుంటున్నాను. మూడో చెక్కని పూర్తిగా పరీక్షలకే ఇచ్చాను.

1. ఫోకస్. చెక్కకి ఒక వైపు కింద 5 మి.మీ. ముక్క పెట్టి ఏటవాలుగా చేసి, ఎగువ నుంచి దిగువకి ఒకే గీత గీశాను. గీత ఎక్కడ అన్నిటికన్నా సన్నగా ఉందో ఆ ఎత్తే ఫోకస్. ఇన్నాళ్లూ నేను 1 మి.మీ. పైన పెట్టుకుని చెక్కుతున్నాను.

2. గీత మందం. ఫోకస్ సరిచేసి, వేగం నిమిషానికి 2400 మి.మీ.కి తగ్గించి, చెక్క గోధుమరంగులోకి తిరిగే కనీస పవర్‌లో విడివిడి గీతలు గీశాను. పక్కన స్కేలు పెట్టి మాక్రో ఫోటో తీసి స్క్రీన్ మీద కొలిస్తే 0.12 మి.మీ. చుట్టుపక్కల వచ్చింది.

3. ఎడం. సగం చుక్కలు, సగం ఖాళీ ఉండే చిన్న గళ్లని 0.06 నుంచి 0.16 మి.మీ. దాకా ఆరు ఎడాలతో చెక్కాను. 0.06 దగ్గర బొగ్గు. 0.08, 0.10 దగ్గర సగం నలుపు అనుకున్నది ముప్పాతిక నలుపుగా కనిపించింది. 0.12 దగ్గర సగం సగంలాగే ఉంది. 0.14 నుంచి గీతల మధ్య తెల్లటి చారలు మొదలయ్యాయి.

4. ఛాయలు. 0 నుంచి 100 శాతం దాకా పదేసి చొప్పున 11 మెట్ల బూడిదరంగు పట్టీ. చేతికి అందే దూరంలో పెట్టి చూస్తే 70, 80, 90, 100 నాలుగూ ఒకటే నలుపు. అంటే నాకు నికరంగా దక్కేవి ఎనిమిది ఛాయలు.

రెండో, మూడో పరీక్షలు కలిపి చూస్తే మొదటి చెక్క మసక సగం నా స్వయంకృతం. 0.12 మందం చుక్కని 0.10 ఎడంతో వేస్తే పక్కచుక్క మీదికి ఎక్కుతుంది. చుట్టూ నాలుగు చుక్కలున్న ఒక్క తెల్లచుక్క ఉంటే, నాలుగూ తలో కాస్తా ఆక్రమించి దాన్ని మింగేస్తాయి. ఎక్కువ డీపీఐ పెడితే ఎక్కువ స్పష్టత వస్తుందనుకున్నాను. నా మెషీన్‌లో చుక్క మందం దాటాక వచ్చేది మసే.

కాబట్టి ఎడం 0.12 మి.మీ., అంటే సుమారు 212 డీపీఐ. దాంతో పాటు బొమ్మ సైజూ తగ్గించాను: 72×86.4 మి.మీ. దీనికి కావాల్సింది 600×720 పిక్సెళ్లు. 180 నుంచి 600కి 3.33 రెట్లే. ఐదున్నర రెట్ల నుంచి ఇక్కడికి దిగడంతోనే సగం భారం దిగింది. గాటు వెడల్పు మూడు పిక్సెళ్లు కాస్తా పది చుక్కలవుతుంది, చెక్క మీద 1.2 మి.మీ. కనిపించడానికి అది చాలు.

ఇప్పటిదాకా: చెక్కలు 3, మెషీన్ 144 నిమిషాలు, కంప్యూటర్ 5 గంటలు.

దశ 4: మళ్లీ బొమ్మ దగ్గరికి

ముందు ఒక తప్పటడుగు. ప్రింటు పసుపెక్కి ఉంది కదా, రంగు ఛానెళ్లలో (ఎరుపు, ఆకుపచ్చ, నీలం) ఏదో ఒకటి శుభ్రంగా ఉంటుందని విడదీసి చూశాను. నీలం ఛానెల్‌లో ముఖం మీద గళ్లు ఇంకా పెద్దవయ్యాయి, 16×16 పిక్సెళ్ల చదరాలు. జేపెగ్ చాలాసార్లు వెలుగుని పూర్తి పిక్సెళ్లలో దాచి, రంగుని నిలువుగా సగం, అడ్డంగా సగం చేసి దాస్తుంది. ఏ ఒక్క రంగు ఛానెల్ లాగినా ఆ పేదరికం కూడా వెంట వస్తుంది. వెలుగు ఆధారంగా బూడిదరంగులోకి మార్చడమే మేలు. గింప్‌లో రంగు తీసేసే చోట లూమినెన్స్ అని ఉంటుంది, అది.

చివరికి నిలబడిన వరస ఇది:

1. జేపెగ్ తెరిచి వెంటనే గింప్ సొంత ఫార్మాట్‌లో సేవ్ చేయడం. మళ్లీ మళ్లీ జేపెగ్‌గా సేవ్ చేస్తే ప్రతిసారీ కొంత పోతుంది.
2. లూమినెన్స్‌తో బూడిదరంగు.
3. బుగ్గలు, నుదురు, మెడ మాత్రం ఎంచుకుని సెలెక్టివ్ గాసియన్ బ్లర్, తక్కువ మోతాదులో. గళ్ల అంచులు కరిగి, ముఖం అంచులు నిలుస్తాయి. కళ్ల జోలికి పోలేదు.
4. నోహేలో పద్ధతిలో 600×720కి పెంచడం. ఇది మసకగానే ఉంటుంది, కానీ లేనిదేదీ కల్పించదు.
5. అప్‌స్కేలర్ ఇచ్చిన 720×864 ఫైలుని 600×720కి కుదించి పై లేయర్‌గా వేయడం, అపాసిటీ (ఎంత గట్టిగా కనిపించాలన్నది) 35 శాతం. కళ్లు, కనుబొమ్మలు, ముక్కు, పెదవుల మీద మాస్కు వేసి పూర్తిగా తీసేయడం. జుట్టు, చెవి అంచు, చొక్కా మీద మాత్రం ఉంచడం.
6. లెవెల్స్, కర్వ్స్‌తో వెలుగునీడలు సర్దడం.
7. చివరగా అన్‌షార్ప్ మాస్క్, అంచులకి పదును పెట్టడానికి.
8. పీఎన్‌జీగా ఎగుమతి.

ఆరో అడుగు దగ్గరే ఎక్కువసేపు కూర్చున్నాను. దశ 3లోని పట్టీ 70 శాతం తర్వాత అంతా నలుపే అని చెప్పింది. తాతయ్య మెడ కింది నీడ, కుడి కంటి గుంట 80 శాతం పైనే ఉన్నాయి, చెక్క మీద అక్కడ మసిబొట్టు తప్ప ఇంకేం మిగలదు. కర్వ్ పట్టుకుని ముఖంలోని నీడలన్నిటినీ 60 శాతం లోపలికి లాక్కొచ్చాను. కనుపాపలు, ముక్కు రంధ్రాలు, పెదవుల మధ్య గీత మాత్రం నిండు నలుపుగా వదిలేశాను. ఇప్పుడు స్క్రీన్ మీద బొమ్మ వెలిసిపోయిన పాత పోస్టర్‌లా ఉంది. అలాగే ఉండాలి. స్క్రీన్ మీద అందంగా ఉన్న ఫైలు నాకు ఒక్కసారి కూడా చెక్క మీద అందంగా రాలేదు.

అన్‌షార్ప్ మాస్క్ కూడా అంతే. కంటికి "ఎక్కువైంది" అనిపించే దగ్గర ఆగకుండా ఇంకాస్త ముందుకి పోయాను: రేడియస్ 1.5, అమౌంట్ 1.2. కాలిన చుక్క అంచు ఎటూ కొంచెం పాకుతుంది కాబట్టి ఆ కరుకుదనం చెక్క మీద సర్దుకుంటుంది.

కంప్యూటర్ 11 గంటలు. చెక్కలు, మెషీన్ మారలేదు.

దశ 5: చుక్కల గొడవ

లేజర్ ఈ పనిలో బూడిదరంగు వేయదు, చుక్క వేస్తుంది లేదా వేయదు. ఛాయ ముదిరేకొద్దీ చుక్కలు దట్టంగా పడేలా మార్చడమే డిథరింగ్. నేను అతితెలివికి పోయి గింప్‌లోనే డిథర్ చేసేసి, ఆ నలుపు తెలుపు ఫైలు లేజర్‌కి ఇచ్చాను. లైట్‌బర్న్‌లో వెడల్పు 72 బదులు 70 అని కొట్టాను, చెక్క అంచు దగ్గర మేకు రంధ్రం ఉందని. రెండు మిల్లీమీటర్లే కదా.

600 చుక్కల్ని 583 చుక్కల చోట్లో ఇరికించాలి. పదిహేడు నిలువు వరసలు ఎక్కడో ఒకచోట పక్కదానిలో కలిసిపోవాలి. నుదుటి మీద గళ్ల లుంగీ నేసినట్టు అడ్డం నిలువు చారలు తేలాయి. ముక్కు దాకా వచ్చాక, 12 నిమిషాల దగ్గర ఆపేశాను. డిథర్ చేసిన ఫైలుని ఒక్క పిక్సెల్ కూడా సాగదీయకూడదు, కుదించకూడదు, జేపెగ్ అసలే చేయకూడదు. సరిగ్గా ఆ సైజులోనే, పాస్ త్రూ (ఫైలుని ఉన్నదున్నట్టు చెక్కే సెట్టింగు) పెట్టి పంపాలి. లేదంటే బూడిదరంగు ఫైలే ఇచ్చి, డిథరింగ్ లేజర్ సాఫ్ట్‌వేర్‌కే వదిలేయాలి. రెండోదే నాకు నచ్చింది, చివరి నిమిషంలో సైజు మార్చే రోగం ఉన్నవాడిని కనుక.

తర్వాత మూడో చెక్క వెనక్కి తిప్పి, కుడి కన్నూ బుగ్గా వచ్చే 20×20 మి.మీ. ముక్కని మూడు రకాలుగా చెక్కాను. ఒక్కోటీ మూడు నిమిషాల పైచిలుకు.

ఫ్లాయిడ్, స్టీన్‌బర్గ్ 1976లో ఇచ్చిన పద్ధతి ప్రతి పిక్సెల్ దగ్గర మిగిలిన తేడాని నాలుగు పొరుగు పిక్సెళ్లకి 7, 3, 5, 1 వంతుల చొప్పున (పదహారింట) పంచుతుంది. కన్ను బాగా తెగింది, కానీ నున్నటి బుగ్గ మీద వానపాములు పాకినట్టు గీతలు. జార్విస్ పద్ధతి అదే తేడాని పన్నెండు పొరుగులకి పంచుతుంది. బుగ్గ శాంతించింది, కన్ను కాస్త మెత్తబడింది. మూడోది డిథర్ లేకుండా పవర్‌నే పెంచుతూ తగ్గిస్తూ చెక్కే గ్రేస్కేల్. లేత ఛాయలు అసలు అంటలేదు, ముదురు ఛాయలు గుంటలు పడ్డాయి. జార్విస్‌కే ఓటు. నా ఫైలులో సన్నటి వివరం ఎటూ తక్కువ, మెత్తబడటానికి పెద్దగా ఏం లేదు.

ఆ మూడు ముక్కల్లోనూ ఒక జబ్బు కనిపించింది. కంటి అంచు దువ్వెన పళ్లలా ఉంది. పోయేటప్పుడు గీసిన గీతలు, వచ్చేటప్పుడు గీసినవి ఒకదానికొకటి సర్దుకోలేదు. మాక్రోలో కొలిస్తే 0.1 మి.మీ. తేడా, అంటే దాదాపు ఒక చుక్క. లైట్‌బర్న్‌లో స్కానింగ్ ఆఫ్‌సెట్ పట్టిక ఉంటుంది, అందులో నా వేగానికి ఎదురుగా విలువ వేసి, రెండు మూడుసార్లు చిన్న చదరాలు చెక్కి సరిచేశాను. ఇది వేగంతో మారుతుంది, వేగం మార్చినప్పుడల్లా చూసుకోవాలి. ఇంత చేసి కన్ను దువ్వెన కావడం కంటే ఒకే వైపు చెక్కుకోవడం నయం, కాకపోతే టైము దాదాపు రెట్టింపు.

ఇప్పటిదాకా: చెక్కలు 4, మెషీన్ 171 నిమిషాలు, కంప్యూటర్ 12 గంటలు.

దశ 6: జుట్టు మాయం

ఐదో చెక్క. లెక్క ప్రకారం 720 గీతలు, ఒక్కోటి 82 మి.మీ., నిమిషానికి 2400. ఇరవై నాలుగున్నర నిమిషాలు, తిరుగుళ్లు కలిపి 30. పొగ చెక్క మీద పేరుకుని పసుపు మరక వేయకుండా పైన మాస్కింగ్ టేపు వేద్దామనుకున్నాను కానీ ఫోటోకి అది పనికిరాదు, సన్నటి చుక్కలు టేపులోనే ఆగిపోతాయి. గాలి బయటికి లాగే ఫ్యాను ఆన్ చేసి, నీలి లేజర్‌కి సరిపడే కళ్లద్దాలు పెట్టుకుని పక్కనే కూర్చున్నాను.

ముఖం వచ్చింది. గాటు వచ్చింది. తల పై భాగం రాలేదు. పక్కనున్న మనుషుల్ని చెరిపేసి బ్యాక్‌గ్రౌండ్ తెల్లగా వదిలేశాను, తాతయ్య జుట్టేమో ముగ్గుబుట్ట. తెలుపు మీద తెలుపు. నుదురు దాటాక చెక్కే ఉంది.

మార్పు ఒకటే. బ్యాక్‌గ్రౌండ్‌లో 18 శాతం బూడిదరంగు వేసి, అంచుల వైపు మెల్లగా సున్నాకి దించాను. జుట్టు అంచు దగ్గర మాస్కుకి 4 పిక్సెళ్ల మెత్తదనం ఇచ్చాను. నలుపు పూసిన పలక మీద లేజర్ పడిన చోట తెల్లబడేలా చెక్కేవాళ్లకి ఇది తలకిందులుగా ఉంటుంది. వాళ్లు ఫైలుని నెగెటివ్ చేసుకోవాలి, అప్పుడు నల్లజుట్టు వాళ్లతో ఇదే తంటా.

ఆరో చెక్క, ఇంకో 30 నిమిషాలు. మెత్తటి పొడి బ్రష్షుతో మసి దులిపాను. తడిగుడ్డ వాడకండి, ఐదో చెక్క మీద వాడి చూశాను, మసి నారలోకి దిగి బుగ్గలు కమిలినట్టయ్యాయి.

మొత్తం: చెక్కలు 6, మెషీన్ 231 నిమిషాలు, కంప్యూటర్ 13 గంటలన్నర.

అమ్మమ్మ ఈసారి ఎవరని అడగలేదు. బొటనవేలితో ఎడం కనుబొమ్మ మీద రెండుసార్లు రాసింది. తర్వాత వేలు కిందికి జారింది.

"ఈ చొక్కా ఎక్కడిదిరా? ఆయన కాలరు చొక్కా ఎప్పుడు తొడిగాడు?"

పాత ఫైలు తీసి చూశాను. మెడ దగ్గర ఉన్నది నీడ. కాలరు, దాని కింది బొత్తాం, రెండూ ఐదో అడుగులో మాస్కు వేయకుండా వదిలిన లేయర్‌లోవి. ఏడో చెక్కకి ఆ లేయర్ జుట్టు, చెవుల దగ్గరే ఆగుతుంది.